మంచి చదువు, గట్టి నాట్యశిక్షణ ఒకే యూనివర్సిటీలో కావాలంటే ఎక్కడ చేరాలి?

అన్నా, మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇదీ: మీ బిడ్డ జగిత్యాలలో ఇంటర్ సెకండియర్ ఎంపీసీ, చదువులో ముందుంటుంది, చిన్నప్పటి నుంచి కూచిపూడి నేర్చుకుంది, సర్టిఫికెట్ పరీక్ష కూడా అయిపోయింది. పేరున్న యూనివర్సిటీలోనే చదువుతా, నాట్యం మాత్రం వదలను అంటోంది. చుట్టాలేమో డాన్స్ సెలవుల్లో చేసుకోవచ్చు కదా అంటున్నారు. రెండూ గట్టిగా ఉన్న యూనివర్సిటీ ఏదో చెప్పమన్నారు.

నేను హనుమకొండలో కూచిపూడి నేర్పుతాను. నాట్యంలో ఎంపీఏ (పీజీ డిగ్రీ) చేశాను. నా దగ్గర నేర్చుకున్న పిల్లలు ఇంటర్ తర్వాత ఎటెటు పోయారో, ఎవరు నిలబెట్టుకున్నారో, ఎవరి గజ్జెలు అటక మీదికి ఎక్కాయో చూస్తూనే ఉన్నాను కాబట్టి సూటిగా చెప్తాను.

కూచిపూడికి, అదీ డిగ్రీ స్థాయిలో, రెండూ ఒకే గేటు లోపల దొరకాలని పట్టుబట్టకండి. చదువును చూసి యూనివర్సిటీని ఎంచుకోండి, గురువును చూసి ఊరిని ఎంచుకోండి. ఈ రెండూ కలిసే ఊళ్ళు దేశంలో మూడో నాలుగో ఉన్నాయి, అక్కడే సీటు కోసం ప్రయత్నించండి. నాట్యాన్నే డిగ్రీగా చదవడం పీజీలో పెట్టుకోవచ్చు. మీ అమ్మాయి గురించి మీరు రాసినదాన్ని బట్టి నా మొదటి ఓటు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో (హెచ్‌సీయూ) ఐదేళ్ళ ఇంటిగ్రేటెడ్ కోర్సుకు, రెండో ఓటు ఢిల్లీ యూనివర్సిటీకి. ఇంజినీరింగే కావాలంటే దాని లెక్క వేరు, అది కింద రాశాను.

ఎందుకు పట్టుబట్టొద్దు అంటున్నానంటే, చదువులోనూ పెద్ద పేరుండి, ఇంటర్ అవ్వగానే నాట్యంలో డిగ్రీ ఇచ్చే పాత యూనివర్సిటీలు అనగానే అందరూ చెప్పేవి కాశీలోని బెనారస్ హిందూ యూనివర్సిటీ, బరోడాలోని ఎంఎస్ యూనివర్సిటీ. రెండింట్లోనూ పర్ఫార్మింగ్ ఆర్ట్స్‌కు ప్రత్యేకంగా ఫ్యాకల్టీ ఉంది, ఇంటర్ తర్వాత చేసే నాట్య డిగ్రీ బీపీఏ ఉంది. కానీ అక్కడ నేర్పేది కథక్, భరతనాట్యం. కూచిపూడి లేదు. మీ అమ్మాయి అక్కడికి వెళ్తే శైలి మార్చుకోవాలి. ఎట్లాగూ పదేళ్ళు నేర్చింది, భరతనాట్యం ఆర్నెల్లలో వచ్చేస్తుంది అనుకునే తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు, అది వట్టి మాట. నా శిష్యురాలు ఒకమ్మాయి కాశీ వెళ్ళి భరతనాట్యంలో చేరింది. మొదటి ఏడాదంతా కొత్తది నేర్చుకోవడం కంటే ఒంట్లో ఉన్న కూచిపూడి ఊపును ఆపుకోవడానికే ఎక్కువ కష్టపడింది, ప్రతి అడవులోనూ (నాట్యంలో ప్రాథమిక అడుగు) మడమ లేస్తోందనీ నడుము కదులుతోందనీ చెప్పించుకుంది. ఇప్పుడు బాగా చేస్తుంది, సంతోషంగానే ఉంది. అయితే వెళ్ళే ముందే ఆ సంగతి తెలిసి, ఇష్టపడి వెళ్ళింది. మీ అమ్మాయిని ఒక్క మాట అడగండి, తనకు కావాల్సింది నాట్యమా, కూచిపూడా? కూచిపూడే అంటే ఆ రెండూ జాబితాలోంచి తీసేయండి.

కూచిపూడిలో పీజీ మన దగ్గరే ఉంది. తెలుగు యూనివర్సిటీలో (పొట్టి శ్రీరాములు పేరుతో 1985లో మొదలైంది, 2025లో సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టారు) ఒకటి, హెచ్‌సీయూలో ఒకటి. హెచ్‌సీయూలో సరోజినీ నాయుడు స్కూల్ కింద డాన్స్ డిపార్ట్‌మెంట్ ఉంది, కూచిపూడి, భరతనాట్యం రెండింట్లో ఎంపీఏ ఇస్తారు, పీహెచ్‌డీ కూడా ఉంది. డిగ్రీ ఏ సబ్జెక్టులో చేసినా నాట్యంలో తగిన శిక్షణ ఉంటే దరఖాస్తు చేసుకోవచ్చు, రాతపరీక్షతో పాటు ప్రాక్టికల్ ఉంటుంది. మీకు పనికొచ్చే సంగతి ఇదే. ఇప్పుడు ఎకనామిక్స్ చదివినా ఫిజిక్స్ చదివినా నాట్యం తలుపు మూసుకుపోదు.

హెచ్‌సీయూకు మొదటి ఓటు ఎందుకంటే, అది కేంద్రం ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఎమినెన్స్ హోదా ఇచ్చిన యూనివర్సిటీ, ఫీజు కార్పొరేట్ కాలేజీ ఇంటర్ ఫీజు ముందు లెక్కలోకే రాదు. ఇంటర్ తర్వాత సీయూఈటీ (సెంట్రల్ యూనివర్సిటీల ప్రవేశపరీక్ష) రాసి ఎకనామిక్స్, చరిత్ర, సోషియాలజీ, తెలుగు, లాంగ్వేజ్ సైన్సెస్ లాంటి వాటిలోనో, ఎంపీసీ కాబట్టి మ్యాథ్స్, ఫిజిక్స్‌లోనో ఐదేళ్ళ కోర్సులో చేరొచ్చు. డాన్స్ డిపార్ట్‌మెంట్ అదే క్యాంపస్‌లో ఉంటుంది, అక్కడి ప్రదర్శనలు, సెమినార్లు చూడొచ్చు, వచ్చేపోయే కళాకారులను కలవొచ్చు. ఊరు హైదరాబాద్, కూచిపూడి గురువులకు కొదవ లేదు. నర్సంపేట వైపు నుంచి వచ్చిన నా విద్యార్థిని ఒకమ్మాయి హైదరాబాద్‌లో ఎకనామిక్స్ డిగ్రీ చేస్తూ పొద్దున ఆరింటికి క్లాసుకు పోయేది, తర్వాత ఎంపీఏలో చేరింది. చేరాక తోటి పిల్లలకూ తనకూ తేడా ఎక్కడ కనబడిందంటే రాతలో. థీసిస్ పేపర్లు, చర్చలు, ఒక విషయాన్ని పది పుస్తకాల్లో వెతికి రాయడం అవన్నీ డిగ్రీలోనే అలవాటైపోయాయి. ఎంపీఏ తర్వాత నెట్ రాసి అసిస్టెంట్ ప్రొఫెసర్ అవుదామనుకునే వాళ్ళకు (యూజీసీ నెట్‌లో పర్ఫార్మింగ్ ఆర్ట్స్ కింద డాన్స్ ఉంది) ఆ అలవాటే అన్నం పెడుతుంది.

మన ఓరుగల్లు వాళ్ళకు ఇంకో లాభం ఉంది, దాన్ని మనవాళ్ళు పట్టించుకోరు. కాకతీయ గణపతిదేవుడి గజసాహిణి (ఏనుగుల దళపతి) జాయపసేనాని 13వ శతాబ్దంలో నృత్తరత్నావళి అనే నాట్యశాస్త్ర గ్రంథం రాశాడు. 1213లో కట్టిన రామప్ప గుడిలో ఆ కాలపు నాట్య భంగిమలు రాతిలోనే ఉన్నాయి. నటరాజ రామకృష్ణ గారు ఈ రెండింటినీ ముందు పెట్టుకునే కాకతీయుల కాలపు పేరిణి నాట్యాన్ని మళ్ళీ నిలబెట్టారు. జానపద, గిరిజన కళల మీద పనిచేసే తెలుగు యూనివర్సిటీ పీఠం వరంగల్‌లోనే ఉంది. చరిత్రో సంస్కృతమో గట్టిగా చదివి, ఒంట్లో నాట్యం కూడా ఉన్న అమ్మాయి ఈ విషయం మీద పరిశోధనకు దిగితే చేయాల్సిన పని బోలెడంత ఉంది. ఒక్క నాట్యమే తెలిసిన వాళ్ళకు శాసనం చదవడం రాదు, ఒక్క చరిత్రే తెలిసిన వాళ్ళకు ఆ శిల్పంలో బరువు ఏ కాలి మీద ఉందో తెలియదు. ఎంపీసీ పిల్లకు ఇది దూరంగా అనిపించొచ్చు గానీ, ఒకసారి తనను రామప్పకు తీసుకుపోయి ఆ స్తంభాల దగ్గర గంటసేపు వదిలి చూడండి.

ఇక ఢిల్లీ. అక్కడ నాట్యం సీటు తెచ్చిపెడుతుంది. ఢిల్లీ యూనివర్సిటీలో ఈసీఏ (చదువుకు బయటి కళలు, కార్యక్రమాలు) కోటా అని ఉంది, అందులో డాన్స్ ఒక విభాగం. సీయూఈటీ స్కోరుకు 25 శాతం, ట్రయల్స్‌కూ సర్టిఫికెట్లకూ కలిపి 75 శాతం లెక్కవేసి మెరిట్ తీస్తారు. మామూలుగా అయితే ఒకటి రెండు మార్కుల్లో చేజారే పెద్ద కాలేజీ ఈ దారిలో అందే అవకాశం ఉంది. చేరాక కాలేజీ తరఫున ప్రదర్శనలు ఇస్తూ ఉండాలి, అది గుర్తుపెట్టుకోండి. గురువు మాటకొస్తే, మన ఆదిలాబాద్ జిల్లా నుంచి వెళ్ళిన రాజారెడ్డి, రాధారెడ్డి దంపతులు 1976లో పెట్టిన నాట్య తరంగిణి ఢిల్లీలోనే, సాకేత్ దగ్గర ఉంది. నార్త్ క్యాంపస్ నుంచి సాకేత్‌కు మెట్రో ఎల్లో లైన్‌లో రైలు మారకుండా వెళ్ళొచ్చు, కానీ గంట దాకా పడుతుంది, రాను పోను రెండు గంటలు. దక్షిణం వైపు కాలేజీ అయితే ఆ బాధ తక్కువ. కాలేజీ ఆప్షన్లు పెట్టేటప్పుడు ర్యాంకింగ్ పట్టిక పక్కన మెట్రో మ్యాప్ కూడా పెట్టుకోండి అని నేను పోరేది ఇందుకే.

ఇంజినీరింగ్ అయితే. ఎప్‌సెట్‌లో ఎన్‌సీసీకి, స్పోర్ట్స్‌కు కోటా ఉంది గానీ నాట్యానికి లేదు. జోసా (ఐఐటీ, ఎన్ఐటీల ఉమ్మడి కౌన్సెలింగ్) ద్వారా వచ్చే ఎన్ఐటీ సీట్లకూ లేదు. ఒక్క ఐఐటీ మద్రాస్ మాత్రం 2025-26 నుంచి కళల్లో ప్రతిభకు ప్రత్యేక ప్రవేశం మొదలుపెట్టింది, యూజీ కోర్సు ఒక్కోదానిలో అదనంగా రెండేసి సీట్లు, అందులో ఒకటి అమ్మాయిలకే. అయితే జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు జాబితాలో పేరుండాలి, దాంతో పాటు వాళ్ళు చెప్పిన జాతీయ స్థాయి గుర్తింపుల్లో ఏదో ఒకటి ఉండాలి, కేంద్ర సాంస్కృతిక శిక్షణ సంస్థ సీసీఆర్‌టీ ఇచ్చే స్కాలర్‌షిప్ లాంటివన్నమాట. (ఇది చదువుతున్న చిన్నపిల్లల తల్లిదండ్రులకు: సీసీఆర్‌టీ టాలెంట్ సెర్చ్ 10 నుంచి 14 ఏళ్ళ పిల్లలకు. ఆ వయసు దాటాక అయ్యో అనుకుని లాభం లేదు, ఇప్పుడే చూసుకోండి. 18 నుంచి 25 ఏళ్ళ వాళ్ళకు యంగ్ ఆర్టిస్ట్ స్కాలర్‌షిప్ వేరే ఉంది, నెలకు 5,000 చొప్పున రెండేళ్ళు.) మద్రాసులో వెంపటి చినసత్యం గారు 1963లో స్థాపించిన కూచిపూడి ఆర్ట్ అకాడమీ ఉంది కాబట్టి ఊరు కూడా కలిసొస్తుంది.

మన ఎన్ఐటీ వరంగల్ గురించి కూడా అడుగుతారు కదా. చదువు గురించి నేను చెప్పేదేముంది. డాన్స్ క్లబ్ ఉంది, ఫెస్టుల్లో పిల్లలు బ్రహ్మాండంగా చేస్తారు. అయితే అది క్లబ్బు, ఎక్కువగా గ్రూప్ డాన్సులు, స్నేహితులే ఒకరికొకరు నేర్పుకుంటారు. అక్కడ చదివిన ఒకబ్బాయి శని, ఆదివారాలు నా దగ్గరికి వచ్చి సాధన చేసుకునేవాడు, ల్యాబ్ రికార్డులు, ఇంటర్న్‌షిప్‌లు ఉన్న నెలల్లో అదీ ఉండేది కాదు. నేర్చింది పోలేదు, కొత్తగా చేరిందీ పెద్దగా లేదు. ఇంజినీరింగ్ నాలుగేళ్ళూ ఉన్నది నిలబెట్టుకుంటే చాలు అనుకునే వాళ్ళకు అది సరిపోతుంది.

మద్రాస్ అనగానే కళాక్షేత్రను కూడా చెప్తారు. రుక్మిణీదేవి అరండేల్ 1936లో పెట్టిన సంస్థ, శిక్షణకు వంక పెట్టలేం. కానీ అది భరతనాట్యం, నాలుగేళ్ళ ఫుల్‌టైమ్ డిప్లొమా. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అక్కడే. రెండు కోర్సులు ఒకేసారి చేసుకోవచ్చని యూజీసీ 2022లో అనుమతించింది కాబట్టి దూరవిద్యలో డిగ్రీ పక్కన పెట్టుకోవచ్చు, పెట్టుకున్నవాళ్ళు ఉన్నారు. మీరేమో చదువులోనూ పోటీ ఉన్న చోటు కావాలంటున్నారు, అందుకని మీకు ఇది నప్పదు.

అమెరికా మాట రెండు ముక్కల్లో. మీ ప్రశ్నలో లేకపోయినా కింద కామెంట్లలో ఎవరో అడిగారు. అక్కడ ఒకే డిగ్రీలో ఎకనామిక్స్, డాన్స్ రెండూ మేజర్లుగా చేసే వీలుంది. కొలంబియాకు అనుబంధంగా ఉన్న మహిళా కాలేజీ బార్నార్డ్, వెస్లియన్, యూసీఎల్ఏ ఇలాంటివాటికి పేరు. పేరున్న భరతనాట్య కళాకారిణి బాలసరస్వతి గారు పాఠం చెప్పిన చోటు కాబట్టి వెస్లియన్‌కు మన నాట్యం కొత్త కాదు. బీఏ అయితే చదువు బరువు ఎక్కువ, బీఎఫ్ఏ అయితే స్టూడియోలో గంటలు ఎక్కువ, ఆడిషన్ గట్టిగా ఉంటుంది. మనకు అసలు ప్రశ్న ఖర్చు. గట్టి ఎయిడ్ వస్తే తప్ప, ఒక్క నాట్యం కోసం పొలం అమ్మి పంపే పని కాదని నా అభిప్రాయం.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది చెప్తాను. ఏ యూనివర్సిటీ అయినా సరే, బ్రోచర్ పక్కన పెట్టి టైమ్‌టేబుల్ అడగండి. వారానికి ప్రాక్టికల్ ఎన్ని గంటలు, అది కాలేజీ వేళలోనా, క్లాసులయ్యాక ఓపికుంటే రమ్మనా? ఈ మధ్య కొత్త ప్రైవేటు యూనివర్సిటీలన్నీ వెబ్‌సైట్‌లో నాట్యం ఫొటో పెడుతున్నాయి. తెలిసినవాళ్ళతో పాటు నేను అలాంటి ఒకచోటికి చూడ్డానికి వెళ్ళాను. పర్ఫార్మింగ్ ఆర్ట్స్ సెంటర్ అంటే ఒక హాలు, అందులో పొద్దున యోగా, సాయంత్రం జుంబా, సెమిస్టర్ పరీక్షలప్పుడు బెంచీలు. మాస్టారు వారానికి రెండుసార్లు వస్తారట. ఫీజు మాత్రం లక్షల్లో. పిల్ల ముఖం చూస్తేనే అర్థమైంది, తిరిగి వచ్చేశాం.

వెళ్ళి చూసేటప్పుడు హాల్లో చెప్పులు విప్పి, నేల మీద కాలు గట్టిగా నాలుగుసార్లు తట్టమనండి మీ అమ్మాయిని. కింద ఖాళీ ఉన్న చెక్కనేల అయితే చప్పుడు లోతుగా వస్తుంది, దెబ్బను నేల కొంత తీసుకుంటుంది. సిమెంటు మీద నేరుగా పరిచిన గ్రానైటో టైల్సో అయితే చప్పుడు టపటపమంటుంది, దెబ్బంతా మడమలోంచి మోకాలికి పోతుంది. రోజూ రెండు గంటలు అలాంటి నేల మీద అడవులు కొట్టిన పిల్లలు పిక్కల ముందు ఎముక నొప్పితో నా దగ్గరికి వస్తుంటారు. పైగా తరంగంలో కాళ్ళ కింద పెట్టుకుని ఆడే పళ్ళెం నున్నటి టైల్స్ మీద జారుతుంది. నట్టువాంగం (తాళాలతో జతులు చెప్పడం) ఎవరు పట్టుకుంటారు, మృదంగం మనిషి వాయిస్తారా లేక అంతా ఫోన్‌లో పాట పెట్టి చేయడమేనా అని కూడా అడగండి. ఐదేళ్ళు రికార్డు మీదే ఆడిన పిల్ల స్టేజీ మీద గాయకుడు ఒక సంగతి (పాట పంక్తిని మార్చి పాడడం) ఎక్కువ వేస్తే తడబడుతుంది.

హాస్టల్ గేటు వేళ కూడా కనుక్కోండి. ఎవరూ అడగరు గానీ సగం మంది నాట్యం ఆగేది అక్కడే. ప్రదర్శనలు ఏడింటికి మొదలవుతాయి, గురువుగారి ఇంట్లో రిహార్సల్ తొమ్మిదింటికి అవుతుంది, గేటు ఎనిమిదిన్నరకు వేస్తే ఏం చేస్తుంది? ముందే అనుమతి లెటర్ ఇచ్చే పద్ధతి ఉందేమో వార్డెన్‌ను అడగండి, అక్కడి సీనియర్ అమ్మాయిలను అడిగితే ఇంకా నిజం తెలుస్తుంది.

ట్రయల్స్ గురించి కొంచెం. ఐటమ్ అద్భుతంగా చేసే పిల్లలు కూడా చిన్నచిన్న ప్రశ్నల దగ్గర ఆగిపోతారు. ఆది తాళం వేస్తూ తిస్రగతిలో (మూడేసి లెక్కన) తకిట చెప్పమంటే చేయి ఒకచోట, నోరు ఒకచోట ఉంటాయి. అదే రెండో కాలంలో (రెట్టింపు వేగంలో) చెప్పమంటే అయిపోయినట్టే. అభినయదర్పణం అనే నాట్యగ్రంథంలోని అసంయుత హస్తాలు (ఒంటిచేతి ముద్రలు) 28 శ్లోకంగా వస్తాయి గానీ అందులోని కపిత్థం ఎక్కడెక్కడ వాడతారు అంటే మౌనం. అభినయం చేసిన పదానికి (పాటకు) అర్థం అడిగితే మేడమ్ చెప్పారండీ అంటారు. చదువుకున్న పిల్ల, మీ అమ్మాయికి ఇవి నెలరోజుల పని, ఎంపీసీ లెక్కల ముందు తాళం లెక్క ఎంత! వీడియో అడిగే చోట్ల కట్ లేకుండా ఒకే షాట్‌లో, పాదాలు కనబడేలా తీయండి. మొన్న ఒకరు పంపిన వీడియోలో డ్రోన్ షాట్లు, గుడి గోపురాలు అన్నీ ఉన్నాయి, పాదాలు తప్ప.

ఇంకోటి, సర్టిఫికెట్లు. వేలమందితో ఒకేసారి ఆడించి రికార్డు అని షీల్డు ఇచ్చేవీ, రిజిస్ట్రేషన్ ఫీజు కడితే ఆన్‌లైన్‌లో నాట్య శిరోమణి అనేవీ ఫైల్లో పైన పెట్టకండి, ఎంపిక చేసేవాళ్ళకు అవేమిటో బాగా తెలుసు. యూనివర్సిటీ సర్టిఫికెట్ పరీక్ష, ప్రభుత్వ పోటీల్లో వచ్చిన బహుమతులు, సోలోగా చేసిన కచేరీల కరపత్రాలు ముందు పెట్టండి.

మీ అమ్మాయి ఇంటర్ రెండేళ్ళు సాధన ఆపేసిందని కూడా రాశారు. మన కార్పొరేట్ కాలేజీల సంగతి తెలిసిందే కదా, దానికి టెన్షన్ పడకండి. మార్చిలో ఇంటర్ పరీక్షలు అవ్వగానే ఒకేసారి పాత ఐటమ్‌లు మొదలుపెట్టనివ్వకండి, మోకాళ్ళు పడతాయి. మొదటి మూడు వారాలు అరమండి (మోకాళ్ళు వంచి సగం కూర్చునే భంగిమ), అడవులు, నడక, అంతే. దమ్ము తిరిగొచ్చాక జతిస్వరం, ఆ తర్వాతే తరంగం. ఎప్‌సెట్, సీయూఈటీ చదువు మధ్యలో రోజుకు గంట చాలు. నిజానికి ఆ గంట తర్వాత చదువు బాగా ఎక్కుతుందని మా పిల్లలు చెప్తుంటారు.

చుట్టాలు అన్న సెలవుల్లో డాన్స్ మాటకు నా జవాబు: నాట్యం సెలవుల్లో జరగదన్నా, వారానికి ఐదు రోజులు గంటన్నర ఉంటేనే నిలుస్తుంది. అందుకే ఊరు, గురువు, గేటు వేళ అని ఇంత రాశాను. ఆ గంటన్నర దొరకని పెద్ద పేరున్న యూనివర్సిటీ కంటే, దొరికే రెండో పేరు యూనివర్సిటీయే మీ బిడ్డకు మంచిది.

సీయూఈటీ దరఖాస్తు తేదీలు, కోర్సుల అర్హతలు ఏటా మారుతుంటాయి, ఈ ఏడాది ప్రాస్పెక్టస్ చూసుకునే ఫీజు కట్టండి. జేఈఈ మెయిన్ స్కోరు వచ్చాక, తనకు ఏ సబ్జెక్టు మీద మనసుందో కనుక్కుని ఇక్కడే రాయండి. ఏ ఊరు అనుకుంటున్నారో కూడా చెప్తే అక్కడ కూచిపూడి ఎవరి దగ్గర నేర్చుకోవచ్చో నాకు తెలిసినవాళ్ళను అడిగి చెప్తాను.